పుర్రె గుర్తు పడవ

గోవాకు పోయి సముద్రంలో మునిగి వచ్చానని మా వీధిలో చెబితే ముందు నవ్వారు, తర్వాత అక్కడ ఏ తీర్థం ఉందని అడిగారు. తిరుపతిలో మునగడమంటే పుణ్యానికే మునగాలి. ఏ పుణ్యమూ లేకుండా ఊరికే మునగడానికి ఒక ముసలిది అంత దూరం పోతుందంటే ఎవరు నమ్ముతారు? అందుకని జరిగింది జరిగినట్టు చెప్తున్నాను. నాకు సంతకం వరకే వచ్చు. బస్సు మీది బోర్డు కూడబలుక్కుని చదివేలోగా బస్సు పోతుంది. రాసేది నా కూతురు. నా మాటల్ని కొంచెం ఇస్త్రీ చేసి రాస్తోంది. మడతలు ఆమెవి, గుడ్డ మాత్రం నాది.

మా ఇంట్లో అందరిదీ ఊరికి వచ్చినవాళ్ళను చూసుకునే పనే. నేను రైల్వే స్టేషను దగ్గర ఒక లాడ్జిలో గదులు ఊడ్చి దుప్పట్లు మారుస్తాను. కూతురు ఆసుపత్రిలో నర్సు. అల్లుడు యాత్రికులను కారులో తిప్పుతాడు. దేశమంతా మా ఊరికి వస్తుంది, మేము ఎక్కడికీ పోము. ఇన్నేండ్లుగా ఇతరుల యాత్రలు నలిపేసిన దుప్పట్లు ఎత్తుతూ ఉన్నాను. ఎవరు సంతోషంగా పోయారో, ఎవరు పోట్లాడుకుని పోయారో దుప్పటి చూసి చెప్పగలను.

ఈసారి అల్లుడు మొండికేశాడు. "ఊరోళ్ళనంతా తిప్పినాను అత్తా, మనిండ్లోళ్ళను యాడికీ తిప్పలా. నాలుగు దినాలు బాడుగ లేదు. గోవా పోదాం రాండి" అన్నాడు.

నేను, కూతురు, అల్లుడు, మా వదిన, నలుగురమూ బయలుదేరాం. వదినంటే మా ఆయనకు అక్క. పలమనేరు దగ్గర పల్లెలో రెండు ఆవులను పెట్టుకుని ఒక్కతే ఉంటుంది. ఆమె మొగుడు నా మొగుడికంటే పదేండ్లు ముందే పోయాడు. కాబట్టి మొగుడు పోయిన ఆడది ఎట్లా కూర్చోవాలో, ఎట్లా నిలబడాలో నాకు నేర్పించే సీనియారిటీ తనకుందని ఆమె నమ్మకం. ఆవులను పక్కింటివాళ్ళకు అప్పజెప్పి, "గోవాలో దేవుడెవురు నాయనా?" అని అడిగి, శివుడున్నాడని అల్లుడు చెప్పాకే కారెక్కింది.

మా ఆయన సంగతి చెప్పకుండా ఇక ముందుకు పోవడానికి లేదు.

ఆయన బావుల్లో మునిగేవాడు. అదే పని. పలమనేరు చుట్టుపక్కల ఎవరి బావిలో బిందె పడినా, మోటారు జారినా, మేకపిల్ల పడినా వచ్చి పిలుచుకుపోయేవాళ్ళు. నడుముకు తాడు కట్టుకుని, చేతిలో ఒక రాయి పట్టుకుని, ఊపిరి బిగబట్టి దిగేవాడు. తాడు రెండో కొస పట్టుకుని గట్టు మీద నేనుండేదాన్ని. పెండ్లి కాకముందు ఆ తాడు వదిన చేతిలో ఉండేది. తాడు రెండుసార్లు లాగితే పైకి లాగమని. ఒక్కసారి లాగితే గమ్మునుండమని, పని ఇంకా కాలేదని. మా సంసారంలో మేమిద్దరం ఒకరి మాట ఒకరం సరిగ్గా అర్థం చేసుకున్నది ఆ తాడుతోనే.

పైకి వచ్చాక అన్నం తింటూ కోతలు కోసేవాడు.

"లోపల ఏముండాది?" అని అడిగేదాన్ని.

"కింద ఇంకో ఊరుండాది మే. ఇండ్లుండాయి, వీదులుండాయి. టీ అంగడి కూడా ఉండాది."

"టీ తాగినావా మరి?"

"యాడ! సిల్లర లేకపాయ."

ఇంకొక మాట కూడా చెప్పేవాడు, అది మాత్రం నవ్వకుండా చెప్పేవాడు. తలకాయ నీళ్ళలో మునగ్గానే చెవుల్లో ఎవరో గొణుగుతారట. ఏమని గొణుగుతారంటే, "అది సెప్తే వచ్చేది కాదు. దిగి ఇనాల" అనేవాడు.

నన్ను ఒకసారి దించమన్నాను. మా పల్లెలో ఆడది బావిలో దిగిందంటే దానికి ఒకటే అర్థం, ఆ తర్వాత పోలీసులు రావాలి. అయినా ఆయన సరే అన్నాడు. వచ్చే ఎండాకాలం, నీళ్ళు తగ్గినాక దించుతానన్నాడు. ఎండాకాలం వచ్చింది, నీళ్ళు మాట ప్రకారం తగ్గాయి. తగ్గినవి మళ్ళీ రానేలేదు. ఊరంతా బోర్లు వేశారు. బోరులో బిందె పడదు, మనిషి పట్టడు. మేము తిరుపతికి వచ్చేశాం. నేను పని చేసే లాడ్జిలోనే ఆయనకు లిఫ్టు దగ్గర కూర్చునే పని దొరికింది. పైకీ కిందికీ పోయే పనే, కాకపోతే తడిసేది లేదు. మూడేండ్ల కిందట గుండె నొప్పి వచ్చి మంచం మీదే పోయాడు, పొడిగా.

ఆ గొణుగుడు సంగతి మాత్రం నా చెవిలోనే ఉండిపోయింది.

గోవాలో గదిలో అడుగు పెట్టగానే నేను దుప్పటి మూల ఎత్తి చూశాను. పరుపు కిందికి సరిగ్గా దోపలేదు. విప్పి మళ్ళీ వేశాను. "మా! నువ్వు ఈడ పనికి రాలా!" అని కూతురు మొత్తుకుంది. పొద్దున్నే గదులు ఊడ్చే ఆమె వచ్చింది. మెడలో సిలువ, చేతిలో చీపురు. పరుపు చూసింది, నన్ను చూసింది. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. అయినా ఇద్దరం నవ్వుకున్నాం. దొంగను దొంగ పట్టేసినట్టు.

మొదటి రెండు రోజులు గుళ్ళతోనూ ఇసకతోనూ గడిచాయి. ఇక ఒక్క రోజే మిగిలింది. దాని మర్నాడు తెల్లవారగానే బయలుదేరకపోతే అల్లుడి బాడుగ పోతుంది. ఆ సాయంత్రం సముద్రం ఒడ్డున గొడుగు కింద బల్ల వేసుకున్న టికెట్లాయన మమ్మల్ని పిలిచి బొమ్మలు చూపించాడు. అల్లుడికి యాత్రికులతో మాట్లాడి మాట్లాడి హిందీ వచ్చు, అడిగి మాకు చెప్పాడు. పొద్దున ఒకే సమయానికి రెండు పడవలు పోతాయి, ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఒకటి డాల్ఫిన్ల పడవ. కూర్చోవడం, చేపలు ఎగిరితే చూడటం, తిరిగి రావడం. రెండోదాంట్లో పాటలుంటాయి, డాన్సుంటుంది, మధ్యాహ్నం భోజనముంటుంది, దీవి పక్కన ఆపి నీళ్ళలో దించుతారు కూడా.

"దీన్ని పార్టీ బోటంటారంట" అన్నాడు అల్లుడు.

"ఏ పార్టీది?" అంది వదిన వెంటనే.

"ఆ పార్టీ కాదు పెద్దత్తా. ఇది ఊరికే..."

"ఊరికే ఏ పార్టీ ఎక్కించుకుంటాది నాయనా? నాకు తెల్దా? బిరియాని పెడ్తామని సెప్పి లారీలో ఎక్కించుకొని పోయినారు. మీటింగయినాక లారీ లేదు, బిరియానీ లేదు. పులుసన్నం పొట్లం సేతిలో పెట్టి పొమ్మన్యారు. ఆ ఎండలో నడిసి నడిసి నా సెప్పులు తెగిపాయ."

"దీంట్లో బిరియాని ఉండాదంట పెద్దత్తా."

"అదే సెప్తారు అందురూ."

ఆమె బొమ్మను కండ్ల దగ్గరికి తెచ్చుకుని చూసింది. పడవ మీద నల్ల జెండా, దాని మీద పుర్రె, పుర్రె కింద రెండు ఎముకలు.

"ఇదేం గుర్తే? పుర్రె గుర్తుకు ఓటు ఎవురేస్తారే?"

"ఏసేది వేరే గుర్తుకే అత్తా. గెలిసినాక అందురిదీ అదే గుర్తు" అంది నా కూతురు. ఇది రాయొద్దంటోంది ఇప్పుడు. రాయమ్మా, నువ్వన్నదే కదా.

"సరే, ఆ నీళ్ళలో దించి ఏం సేస్తారు?" అని నేనడిగాను.

"స్నార్కెలింగంట అత్తా. కండ్లకు అద్దాలు పెట్టి, నోట్లో గొట్టం పెట్టి, నీళ్ళ మీద బోర్లా పండబెడతారు. లోపల ఉండేదంతా కనపడతాదంట."

"బోర్లా తేలేదానికి అంత దూరం పోవల్లనా? అట్ల తేలినోళ్ళను మన బావుల్లో శానామందిని సూసినాం" అంది వదిన.

నేను అల్లుడి పక్కకు జరిగాను. "మొగం లోపల పెట్టినప్పుడు సెవులు కూడా మునుగుతాయా, అడుగు నాయనా" అన్నాను.

అల్లుడు అడిగాడు. టికెట్లాయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. చేపలు ఉంటాయా, సొరచేపలు కరుస్తాయా అని అడిగినవాళ్ళున్నారేమో కానీ, చెవులు మునుగుతాయా అని ఆయన్ను అడిగిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

"మునుగుతాయంట అత్తా."

"అయితే ఇదే" అన్నాను.

అంతే, వదిన అందుకుంది. "మొగుడు పోయినదానివి డాన్సు పడవ ఎక్కుతావా? మన పల్లెలో తెలిస్తే మానం ఉంటాదా?"

"పల్లెలో వాళ్ళకెట్ల తెలుస్తాది వదినా? ఈడికి ఎవురొస్తారు?"

"నేనుండానే! నేను సెప్పకుండా ఉండలేను గదమే!"

ఎందుకు పోవాలనుకుంటున్నానో ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది. చెప్పలేదు. చచ్చిపోయిన మొగుడు కోసింది కోతో నిజమో చూసుకోవడానికి సముద్రం దాకా వచ్చానని ఎట్లా చెప్పేది? అదీ ఆయన అక్కతో. డాన్సు చూడాలనుందన్నా నమ్ముతారు కానీ ఇది నమ్మరు.

మాటకు మాట పెరిగింది. డాల్ఫిన్ల పడవేనని వదిన, పుర్రె పడవేనని నేను. చివరికి వదిన, "పూలు పెట్టి అడుగుదాం. దేవుడేది సెప్తే అదే" అంది.

మా వైపు ఎటూ తేలని విషయానికి దేవుడి ముందర రెండు రంగుల పూలు రెండు పొట్లాలు కట్టి పెట్టి, సంగతి తెలియని మనిషితో ఒకటి తీయిస్తాం. ఏ రంగు పువ్వు వస్తే అదే దేవుడి మాట. సంబంధాలు ఖాయం చేసేదీ అట్లాగే, బోరు ఎక్కడ వేయాలో తెలుసుకునేదీ అట్లాగే. నీళ్ళు పడకపోతే అది బోరు వేయించినవాడి పాపం, పూలది కాదు. తెల్ల పువ్వు వస్తే డాల్ఫిన్లు, ఎర్ర పువ్వు వస్తే పుర్రె అని వదిన తీర్పు చెప్పింది.

మేము దిగిన లాడ్జి ఆవరణలో తెల్ల దేవగన్నేరూ ఎర్ర మందారమూ ఉన్నాయి. "నేను కోసుకొస్తా" అని లేచాను. కోశాను, నీళ్ళ ట్యాంకు వెనక నిలబడి పొట్లాలు కట్టాను. రెండింట్లోనూ మందారమే పెట్టాను. దేవుడికి కొంచెం పని తగ్గించాను, అంతే.

వదిన సంచిలో నుంచి చిన్న వెంకటేశ్వరస్వామి పటం తీసి కిటికీలో నిలబెట్టింది. ఆ గదులు ఊడ్చే ఆమెనే పిలిచి పొట్లం తీయమని సైగ చేశాం. ఆమె చీపురు పక్కన పెట్టి, చేతులు పైటకు తుడుచుకుని, స్వామి ముందర సిలువ గుర్తు వేసుకుని ఒక పొట్లం తీసిచ్చింది. ఇద్దరు దేవుళ్ళూ కలిసి చెప్పారు కాబట్టి వదిన ఒప్పుకుంది. ఎర్ర పువ్వును కండ్లకద్దుకుంది. రెండో పొట్లం నేను తీసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టి, "దేవుడు వద్దన్న పువ్వును పారెయ్యకూడదు మే. నీళ్ళలో ఇడవాల. రేపెట్లా నీళ్ళకాడికే కదా పొయ్యేది" అని దాన్ని బొడ్డులో దోపుకుంది.

అందులో ఉండేదీ మందారమేనని నాకొక్కదానికే తెలుసు.

పొద్దున పడవ ఎక్కాం. నల్ల జెండా ఎగురుతోంది. పాటలు పెట్టే పెట్టె ఒకటి మనిషంత ఎత్తుంది. వదిన దాని పక్కనే కూర్చుని చెవుల మీదికి కొంగు లాక్కుంది. ఆడా మగా చేతుల్లో సీసాలతో ఊగుతున్నారు. పాటలు పెట్టే ఆయన మైకు పట్టుకుని, మీదే ఊరు, మీదే ఊరు అని ఒక్కొక్కరిని అడుగుతూ వచ్చాడు. ప్రతి ఊరికీ ఒక కేక వేస్తున్నారు. మా దగ్గరికి వచ్చేసరికి అల్లుడు "తిరుపతి" అన్నాడు.

పాట ఆగిపోయింది. తర్వాత పడవ పడవంతా "గోవిందా" అని అరిచింది. సీసాలు కింద పెట్టిన వాళ్ళు పెట్టారు, పెట్టని వాళ్ళు వీపు వెనక దాచుకున్నారు. ఇక మొదలయింది. దర్శనం టికెట్లు దొరుకుతాయా, మీకెవరైనా తెలుసా, మీ నెంబరివ్వండి అని అల్లుడి చుట్టూ మూగారు. ప్రపంచంలో ఏ మూలకు పోయినా తిరుపతివాళ్ళకు ఈ బాధ తప్పదు. ఒకమ్మాయి, చిన్న నిక్కరు వేసుకున్న పిల్ల, వచ్చి వదిన కాళ్ళకు మొక్కింది. దాన్ని చూసి ఇంకొకరు, తర్వాత వరుస కట్టారు.

వదిన చెవుల మీది కొంగు తీసేసింది. "తోసుకోవాకండి నాయనా. అందురికీ అయితాది దర్శనం" అని దీవించడం మొదలుపెట్టింది. నిరుడు ఆమే కొండ మీద పొద్దుగుంకేదాకా లైనులో కూర్చుని, తోపులాటలో చెవి కమ్మ పోగొట్టుకుని వచ్చింది.

"మంచి పార్టీనేమే ఇది" అంది నాతో.

దీవి పక్కన పడవ ఆపారు. చీరతో దిగకూడదన్నారు. కూతురి చూడీదారు తొడుక్కున్నాను. నా జన్మలో నా రెండు కాళ్ళు వేరువేరుగా ఉన్నాయని తెలిసింది అప్పుడే. దాని మీద గాలి చొక్కా తగిలించారు. కండ్లకు అద్దం బిగించారు, నోట్లో గొట్టం పెట్టారు. ఈత రాని వాళ్ళు పట్టుకోవడానికి తాడు కట్టిన రబ్బరు చక్రం నీళ్ళలో వేశారు. తాడు రెండో కొస పడవ మనిషి చేతిలో ఉంది. నిచ్చెన మీద రెండు మెట్లు దిగాను. కాళ్ళు తడిశాయి.

"మే" అంది వదిన పైనుంచి.

తలెత్తి చూశాను. దేవుడు వద్దన్న పువ్వును నీళ్ళలో వదలడానికి ఆమె పొట్లం విప్పింది. అరచేతిలో నలిగిపోయిన మందారం, ఎర్రగా.

"దేవుడు రెండుతూర్లు సెప్పినాడా? లేకుంటే నువ్వు సెప్పించినావా?"

నా నోట్లో గొట్టం ఉంది. నా నోరు సరైన సమయానికి మూతపడింది నా బతుకులో అదొక్కసారే. కానీ ఆమె చూపు దించలేదు. పైకి రమ్మంటే ఎక్కాల్సిందే, పెద్దది, ఆయన తోడబుట్టింది. ఇక్కడిదాకా వచ్చి, మోకాళ్ళు తడుపుకుని వెనక్కి పోవాలేమో అనుకున్నాను. గొట్టం తీశాను.

"లోపల ఏముండాదో సూడాల వదినా. మీ తమ్ముడు సెప్పిండేది నిజమో కాదో."

తిడుతుందనుకున్నాను.

"టీ అంగడి సంగతేనా?" అంది.

నేను ఉలిక్కిపడ్డాను.

"నాకూ సెప్పినాడే ఆ నా కొడుకు. వాడికి పన్నెండేండ్లప్పుడే సెప్పినాడు. సిల్లర లేదన్యాడు" అంది.

ఇన్నేండ్లూ ఆ మాట నాకొక్కదానికే చెప్పాడనుకుని దాచుకున్నాను. ఊరందరికీ చెప్పాడో ఏమో. చచ్చినా మనిషి బుద్ధి ఇట్లా బయటపడుతుంది.

వదిన పడవ మనిషి చేతిలోని తాడు లాక్కుంది. "పో. బిరీన సూసిరా" అంది.

మొహం నీళ్ళలో పెట్టాను.

వదినకు చదువు రాదు కాబట్టి లోపల ఏముందో ఇక్కడ రాయించవచ్చు. ఏమీ లేదు. పాచి పట్టిన పచ్చ నీళ్ళు. ఎవరివో కాళ్ళు కొట్టుకుంటున్నాయి. చారల చేపలు మూడు వచ్చి, నన్ను చూసి, పని లేదన్నట్టు పోయాయి. ఇంకా కిందికి చూస్తే రాళ్ళ మధ్యన ఒక సీసా, ఒక రబ్బరు చెప్పు. వీధి లేదు, ఇల్లు లేదు. ఎవరో వదిలిపోయిన గదిలా ఉంది. చెయ్యి చీపురు కోసం వెతుక్కుంది.

అప్పుడు వినిపించింది. చెవుల్లో, బాగా దగ్గరగా, ఎవరో గొణుగుతున్నారు. పైకీ కిందికీ, పైకీ కిందికీ. ముసలిది ఎవరో ఎవరినో నిదానంగా తిడుతున్నట్టు. కాసేపటికి తెలిసింది, అది గొట్టంలో నా ఊపిరే. ఇదా, దీనికా ఇంత అనుకుని నవ్వు వచ్చింది. నవ్వితే ఉప్పునీళ్ళు లోపలికి పోయాయి. దగ్గుతూనే ఇంకొకటి తట్టింది. ఆయన ఊపిరి బిగబట్టి కదా దిగేవాడు. ఊపిరే లేనప్పుడు ఆయన చెవుల్లో గొణిగింది ఎవరు?

తాడు బిగుసుకుంది. నేను దగ్గడం చూసి పడవ మనిషి వదిన చేతిలోని తాడు అందుకుని లాగబోయాడట. ఇంకొంచెంసేపు వినాలనిపించింది నాకు. నేననుకోకుండానే నా చెయ్యి తాడును ఒక్కసారి లాగింది.

పైన జరిగింది కూతురు తర్వాత చెప్పింది. వదిన లేచి నిలబడి, తెలుగు ఒక్క ముక్క రాని ఆ మనిషి మీద తెలుగులోనే అరిచిందట. "లాగొద్దు! ఒక్కతూరే లాగింది! ఒక్కతూరి లాగితే గమ్మునుండమని!" ఆ మనిషి గంట కిందటే ఆమె కాళ్ళకు మొక్కినవాడు. గమ్మునున్నాడు.

ఎంతసేపు ఉన్నానో తెలియదు. చెవులు నిండేదాకా ఉన్నాను. తర్వాత రెండుసార్లు లాగాను.

నిచ్చెన ఎక్కుతుంటే వదిన వంగి నా చెయ్యి పట్టుకుంది. నా మొహం మీది అద్దం తీయడానికి కూడా ఆగలేదు.

"ఉండాదా?" అంది.

సీసా, రబ్బరు చెప్పు గుర్తొచ్చాయి. ఆమె రెండు చేతులకూ తాడు ఒరుసుకుని ఎర్రగా చారలు పడి ఉన్నాయి.

"ఉండాది వదినా" అన్నాను. "వీదులుండాయి."

"టీ అంగడి?"

"ఉండాది. ఈ పొద్దు మూసినారు."

ఆమె సముద్రం వైపు చూసి, "ఈ పొద్దు ఆదివారం కదా" అంది. తర్వాత ఆ మందారాన్ని నీళ్ళలోకి విసిరేసి, బిరియాని ఎప్పుడు పెడతారో కనుక్కోమని అల్లుడిని తరిమింది. ఈ పార్టీ మాట తప్పలేదు, పెట్టింది.

నేను డాన్సు పడవ ఎక్కానని వదిన ఇప్పటిదాకా పల్లెలో ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఉండలేనన్న మనిషి. సముద్రం కింద ఊరుందని, మా మరదలు కండ్లారా చూసిందని మాత్రం పాలు పోయించుకోవడానికి వచ్చిన వాళ్ళందరికీ చెబుతోందట. మొన్న ఫోనులో విన్నాను, ఆ ఊళ్ళో ఇప్పుడు బస్టాండు కూడా ఉంది. పలమనేరుకు బస్సు ఉందా అని ఎవరో ఎగతాళిగా అడిగారట.

"ఉండాది. సీట్లు దొరకవు" అందట.